తిన్నగా చెప్పిన మాట

రామాంజులు ఏ సంగతీ తిన్నగా చెప్పే మనిషి కాదు. అంగట్లో బెల్లం దొరకలేదని చెప్పాలంటే ముందు దారిలో ఎదురైన పెళ్లి ఊరేగింపు గురించి చెప్పేవాడు. ఆ బ్యాండులో డోలు కొట్టేవాడు తనతో పాటు బడిలో చదివిన సంగతీ, వాడికి లెక్కల అయ్యవారు పెట్టిన పేరూ, ఆ అయ్యవారి కూతురు కదిరిలో కాపురం ఉంటున్న ఇల్లూ, అన్నీ అయ్యాక ఖాళీ సంచి భార్య చేతికిచ్చేవాడు.

ధర్మవరం పట్టుచీరలు మూట కట్టుకుని గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరిగి అమ్మడం అతని బతుకు. ఆ పనికి ఈ గుణం బాగా కలిసొచ్చింది. ఏ వరండాలో కూర్చున్నా చీర మాట ఎత్తేవాడు కాడు. ఎండల గురించి, రైళ్ల ఆలస్యం గురించి, ఆ ఇంటావిడ పుట్టినూరి గురించి మాట్లాడుతూ ఉంటే, చివరికి ఆమే విసుక్కుని మూట విప్పమనేది.

అతని భార్య జ్యోతిలక్ష్మి దీనికి పూర్తిగా వేరు. ఇంట్లో మగ్గం ఆమెది. పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు, మాట్లాడేదీ తక్కువే. మొగుడు చెప్పుకుంటూ పోతుంటే పోగు లాగే నాడె ఆపకుండానే, "ఇంతకీ ఏమంటావయ్యా?" అనేది. ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అనేదో ఆమెకే తెలియదు.

పోయిన వేసవిలో ఒక రోజు అతను ముదిగుబ్బ వైపు నుంచి ఇంటికి వచ్చి మగ్గం పక్కన కూలబడ్డాడు. టీ నీళ్లలాగా ఉందని మొదలుపెట్టాడు. బస్సు రాలేదన్నాడు. టీ అంగడి ముందు కట్టేసిన పొట్టేలుకు ఒక కొమ్ము లేదన్నాడు. ఆ పొట్టేలు యజమాని ఎవరో, అతనికి గొర్రెల సంతలో ఏం జరిగిందో చెప్పాడు. జ్యోతిలక్ష్మి సగం వింటూ సగం వినకుండా జరీ పోగు అతుకుతోంది. ఆ వరసలోనే, గొంతు మార్చకుండా, ఒక మనిషిని నలుగురు కట్టెలతో కొట్టి చంపారని అన్నాడు. అని, మళ్లీ పొట్టేలు దగ్గరికి పోయాడు.

ఆమె నాడె వదిలేసి అతని ముఖంలోకి చూసింది.

చచ్చిపోయినవాడు హనుమంతరాయుడనే మెట్ట రైతు. గాలిమరల కోసం వేస్తున్న దారికి తన చేను ఇవ్వనన్నాడు. కొట్టినవాళ్లు అక్కడ పలుకుబడి ఉన్న ఒక నాయకుడి మనుషులు. బస్సు కోసం నిలబడినవాళ్లంతా చూశారు. కేసు నడిచేకొద్దీ ఒక్కొక్కరికీ ఆ రోజు తాము వేరే చోట ఉన్నట్టు గుర్తొచ్చింది. టీ అంగడి వాడు లోపల గిన్నెలు కడుగుతున్నానన్నాడు. చూశానని ఇంకా అంటున్నది రామాంజులు ఒక్కడే. హనుమంతరాయుడి పెళ్లాం వచ్చి, ఏడవకుండా, ఇతని ఎదురుగా కాసేపు కూర్చుని పోయింది. ఆమె పోయాక రామాంజులు ఏ కథా చెప్పలేదు. కోర్టులో చెప్తానని మాత్రం అన్నాడు.

సాక్ష్యం సోమవారం. అంతకు ముందు శనివారం పొద్దున అతను జరీ తెస్తానని బండి మీద ధర్మవరం పోయాడు. ఎండ బాగా ఎక్కాక జ్యోతిలక్ష్మి ఫోను మోగింది.

"జ్యోతీ, నేను బెంగుళూరు పోతాండా. పని ఉండాది. బుధవారం వస్తా. ఫోన్ చేయొద్దు."

"ఎవరితో పోతాండావు?"

"పని ఉండాది. బుధవారం వస్తా."

అంతే. ఫోను తెగిపోయింది. తిరిగి చేస్తే స్విచాఫ్ అని వచ్చింది.

ఆమె ఫోను పట్టుకుని మగ్గం గుంటలోనే ఉండిపోయింది. ఏం తప్పు జరిగిందో మొదట అర్థం కాలేదు. గొంతు అతనిదే. ఏడ్పు లేదు, అరుపు లేదు. కానీ ఏదో తక్కువైంది. మెల్లగా తెలిసింది. అతను బెంగుళూరు సంగతి చెప్పాడు, బెంగుళూరు ఎవరు రమ్మన్నారో చెప్పలేదు. వాళ్లు ఏ ఊరివాళ్లో, వాళ్ల మామకు మోకాలి నొప్పి ఎట్లా తగ్గిందో, బస్సులో కిటికీ సీటు దొరికిందో లేదో, ఏమీ చెప్పలేదు. ఇన్నేళ్ల కాపురంలో అతను ఆమెతో ఒక సంగతి మొదలూ చివరా కలిపి ఇంత పొట్టిగా చెప్పడం ఇదే మొదటిసారి. ఆ మాటలు అతనివి కావు. ఎవరో పక్కన నిలబడి పలికించారు.

వెనక వంటింట్లో ఆడబిడ్డ పెద్దక్క రాగిసంకటి కెలుకుతోంది. జ్యోతిలక్ష్మి పోయి చెప్పింది. పెద్దక్క విని, బెంగుళూరు పోతే పోనీలే, కోర్టు గండం దాటుతుంది కదా అంది. తర్వాత మరదలి ముఖం చూసి తెడ్డు వదిలేసింది. టౌనుకు, పోలీసుల దగ్గరికి పోదామని ఇద్దరూ అనుకుంటుండగానే వీధిలో బండి ఆగిన చప్పుడైంది.

వచ్చినవాడికి ముప్పై ఏళ్లుంటాయేమో. నీటుగా ఉన్నాడు. చెప్పులు బయటే విడిచాడు. పేరు నరేంద్ర అన్నాడు, అన్నకు స్నేహితుణ్ణన్నాడు. జ్యోతిలక్ష్మి అతన్ని కోర్టు దగ్గర ఒకసారి చూసింది. ఆ నలుగురికి భోజనం క్యారేజీ తెచ్చి ఇచ్చినవాడు.

"అన్న ఇంట్లో ఉండాడా అక్కా?"

"లేడప్పా."

"ఫోన్ చేసినాడా?"

చేశాడు అని ఒక్క ముక్క అంటే చాలు, ఆ ముక్కలోనే వణుకు బయటపడుతుందని తెలుసు. లేదంటే అబద్ధం. వాడికి నిజం తెలిసే ఉంటుంది. వాడు అరుగు మీద కూర్చున్నాడు. ఎండ దిగేదాకా ఇక్కడే కాసేపు నీడ పట్టున ఉంటానన్నాడు. వాడి కళ్లు మాత్రం ఆమె చేతిలోని ఫోను మీద ఉన్నాయి. తాను గడప దాటకుండా చూడటానికి వచ్చాడని ఆమెకు తెలిసిపోయింది.

అప్పుడు ఆమె నోరు తెరిచింది. ఏం మాట్లాడాలో అనుకోలేదు. వచ్చింది మొగుడి ధోరణి.

ఫోనంటే గుర్తొచ్చింది అంది. ఈ ఫోను తన అన్న ఓబిలేష్ కొనిచ్చాడని, ఓబిలేష్ గుంతకల్లులో రైల్వే క్యాంటీనులో పని చేస్తాడని, అక్కడ ఒక ముసలి గార్డు రోజూ ఒకే ఒక్క ఇడ్లీ తినేవాడని చెప్పింది. ఎందుకు ఒక్కటే అని అడిగితే ఆయన పెద్ద కథ చెప్పాడంది. ఆ కథ ఆమెకు తెలియదు. రామాంజులు చెప్పేటప్పుడు ఆమె వినలేదు. అందుకని ఆ గార్డు పెళ్లాం గురించి కల్పించింది, ఆమె పుట్టింటి గురించి కల్పించింది. కణేకల్లు దగ్గర కాలవ కింద వరి పండే ఊరు అంది.

"మా యమ్మది ఆ పక్కనే," అన్నాడు నరేంద్ర.

ఆమె అక్కడ పట్టుకుంది. కాలవ నీళ్ల ఊరి ఆడపిల్ల ఈ ఎండు గడ్డకు వచ్చి ఎట్లా బతికిందని అడిగింది. వాడు నవ్వాడు. తల్లి ఇప్పటికీ స్నానానికి రెండు బిందెలు వాడుతుందని, దానికి నాయన తిట్టేవాడని చెప్పాడు. పెద్దక్క లోపలి నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందించే చెయ్యి వణికితే, ముసలితనం అంది.

వాడు మధ్యలో రెండు మూడు సార్లు అసలు సంగతికి వచ్చాడు. అన్న ఏమన్నాడు, ఎప్పుడొస్తానన్నాడు అని. ఆమె బెంగుళూరంట అంది, అంటూనే బెంగుళూరు నుంచి చీరల రంగుకూ, రంగు నుంచి ఒకసారి తడిసి పాడైపోయిన పెళ్లిచీరకూ మళ్లింది. ఆ మాటలు చెప్తున్నప్పుడు లోపల ఇంకో జ్యోతిలక్ష్మి కూర్చుని ఉంది. అతను ఎక్కడున్నాడు, కట్టేశారా, కొట్టారా, నీళ్లిచ్చారా అని అదే అదే అడుగుతోంది. పైకి మాత్రం నోరు ఆగలేదు. ఆగితే ఆ లోపలిది బయటికి వస్తుంది.

ఒక దగ్గర నిజంగానే మాటలు అయిపోయాయి. ఏదో ఒకటి దొరకాలని వాడి వైపు చూసింది. చొక్కా భుజం మీద తెల్లగా రెట్ట మరక ఉంది.

"పావురాలప్పా. మా మగ్గం కాడ ఇదే బాధ," అంది. "పట్టు మీద పడిందంటే ఇంగ కడిగినా పోదు."

వాడు తల వంచి భుజం చూసుకున్నాడు. చేత్తో తుడుచుకుంటూ, మజ్జిగ తాగిన మనిషి నిదానంతో అన్నాడు.

"పావురాల సంగతి చెప్పొద్దక్కా. పొద్దున్నుంచి ఆ మూతబడిన శెనక్కాయల మిల్లులో..."

ఆగాడు.

వీధిలో ఎండ తెల్లగా ఉంది. పక్కింట్లో మగ్గం చప్పుడు వినిపిస్తోంది. వాడి ముఖం చూడకూడదు. చూడకపోయినా అనుమానమే. వాడి ఖాళీ గ్లాసు తీసుకుంది.

"పావురాలకు మా యమ్మ ఒక మందు చెప్తాండె," అంది. "పాత చీపుర్లకు ఎర్రగుడ్డ కట్టి దూలానికి యాలాడదీస్తే రావంట. మా నాయన మాత్రం ఆ ఎర్రగుడ్డ చూసి ఎద్దులు బెదుర్తాయని తీసేసేవాడు. మాకు ఎద్దులే లేవప్పా. పక్కింటోళ్లవి. ఆ పక్కింటోళ్ల పెద్దకొడుకు..."

పక్కింటివాళ్ల పెద్దకొడుకు గురించి చాలాసేపు చెప్పింది. ఆ పెద్దకొడుకు ఎవడో ఆమెకే తెలియదు. వాడు కాసేపు ఆమెను కన్నార్పకుండా చూశాడు. తర్వాత ఆవలించాడు.

వాడి ఫోను మోగింది. లేచి రెండడుగులు అవతలికి పోయి మాట్లాడాడు. మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "ఏం లేదన్నా. ఆయమ్మకేం తెల్దు. పొద్దుమానం కతలు చెప్తాంది. తలకాయ నొప్పొచ్చింది. వస్తాండా."

బండి స్టార్టయింది. ఆమె గోడకు ఆనుకుంది. పెద్దక్క కొంగు నోట్లో కుక్కుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. బండి చప్పుడు వీధి చివరికి పోయింది. అక్కడ ఆగింది. మళ్లీ వెనక్కి వస్తోంది.

వాడు ఈసారి చెప్పులు విడవలేదు. గడపలో నిలబడ్డాడు.

"అక్కా, నేను ఇందాక మిల్లని ఏమన్నా అన్నానా?"

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమె చచ్చిపోయింది. తర్వాత ఎవరికి చెప్పినా ఆ మాటే చెప్పేది. నోటి దాకా ఒకే ఒక్క మాట వచ్చింది, లేదు అని. అది పొట్టి మాట. అది చెప్తే వాడికి అర్థమైపోతుంది. బెంగుళూరు పోతాండా అన్న మాట తనకు అర్థమైనట్టే.

"ఏ మిల్లప్పా? బియ్యం మిల్లా?" అంది. "మా ఊర్లో ఉన్న మిల్లు ఒకటే, అది కూడా బెల్టు తెగి పండగ ముందర్నుంచి ఆగిపోయినాది. పిండికి ఊరవతలికి పోవాల. నిన్న మా పెద్దక్క రాగులు నెత్తిన పెట్టుకోని పోయి, ఆడ కరెంటు లేదని మళ్లీ మోసుకోనొచ్చింది. ఏం పెద్దక్కా, నిన్ననే గదా?"

"మొన్న," అంది పెద్దక్క వంటింట్లోంచి. "నిన్న కాదు. నిన్న నేను యాడికీ పోలేదు."

"మొన్ననా? నిన్నే గదా, ఆంజినమ్మ కూడా వస్తానని..."

వదినా మరదళ్లు నిన్నా మొన్నా అని వాదులాడుకుంటుంటే వాడు విసుగ్గా చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఈసారి బండి చప్పుడు పూర్తిగా పోయేదాకా ఇద్దరూ వాదన ఆపలేదు.

ముందు వీధిలో పోవడానికి ధైర్యం చాలలేదు. పెరటి గోడ దాటి, కంప చెట్ల మధ్య నుంచి రోడ్డెక్కి, షేరాటో పట్టుకుని టౌను చేరారు. ఆటోలో వెనక నుంచి వచ్చే ప్రతి బండీ వాడిదేననిపించింది. జ్యోతిలక్ష్మి కొంగు ముఖం మీదికి లాక్కుంది.

స్టేషన్లో రైటరు కాగితం ముందేసుకుని విషయం చెప్పమన్నాడు. ఆమె అలవాటు ప్రకారం తిన్నగా చెప్పింది. తన మొగుణ్ణి ఎత్తుకుపోయారంది. ఎవరు చూశారని అడిగాడు. ఎవరూ చూడలేదంది. ఫోను చేశాడా అంటే చేశాడంది. ఏమన్నాడంటే బెంగుళూరు పోతున్నానన్నాడంది. రైటరు పెన్ను కింద పెట్టేశాడు. మొగుడు ఫోన్ చేసి ఊరెళ్తున్నానంటే దాన్ని ఏ సెక్షన్ కింద రాయాలమ్మా అన్నాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. తన మాటల్లో తప్పు లేదు, కానీ అవి ఎక్కడికీ చేరడం లేదు. లోపల గదిలోంచి ఎస్సై ప్రశాంతి బయటికి వచ్చింది. చిన్న వయసు. ఆ కేసు ఆమెకు తెలుసు. కుర్చీ లాగి ఎదురుగా కూర్చుని, మీ ఆయన ఫోన్లో ఎప్పుడూ ఎట్లా మాట్లాడతాడని అడిగింది.

జ్యోతిలక్ష్మి బెల్లం సంచి దగ్గర మొదలుపెట్టింది. డోలు కొట్టేవాడి గురించి, పొట్టేలు గురించి చెప్పింది. చావు సంగతి కూడా పొట్టేలు చుట్టూ తిరిగి తిరిగి గానీ చెప్పలేని మనిషి అంది. అట్లాంటివాడు ఈ రోజు మూడు ముక్కల్లో ఊరెళ్తున్నానన్నాడంది. తర్వాత నరేంద్ర, మజ్జిగ, భుజం మీద మరక, మిల్లు. రైటరు మధ్యలో, అసలు విషయం మాత్రం చెప్పమ్మా అన్నాడు.

"ఇదే అసలు విషయం," అంది ప్రశాంతి. "ఆమె చెప్పినట్టే రాయండి."

మూతబడిన మిల్లులు ఆ దారిలో ఇంకా ఉన్నాయి గానీ, ఆ నాయకుడి బావమరిదిది ముదిగుబ్బకు ఇవతల ఒక్కటే. జీపులు రెండు పోయాయి. జ్యోతిలక్ష్మిని స్టేషన్లోనే ఉండమన్నారు. ఆ గంటలే ఆమెకు అన్నిటికంటే కష్టమయ్యాయి. మాట్లాడటానికి ఎదురుగా ఎవరూ లేరు. పెద్దక్క నిద్రపోయినట్టు కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తోంది. వైర్లెస్ సెట్ గరగరమన్నప్పుడల్లా జ్యోతిలక్ష్మి లేచి నిలబడుతోంది. నరేంద్ర మిల్లు పేరు తాను జారవిడిచినట్టు అక్కడివాళ్లకు చెప్పి ఉంటే, ఈపాటికి మొగుణ్ణి వేరే చోటికి మార్చేసి ఉంటారు. మార్చడం కాకుండా ఇంకేదైనా చేసి ఉంటే? అక్కడ ఆలోచన ఆపేసేది. మళ్లీ అక్కడికే వచ్చేది.

పొద్దు వాలే వేళకు రామాంజులును తీసుకొచ్చారు. నడుస్తున్నాడు. ఎడమ చెవి వాచిపోయి ఉంది, మణికట్ల మీద తాడు ఒరుసుకుపోయిన గుర్తులు. చొక్కా నిండా పావురాల రెట్ట. ఆమె చెయ్యి చాపితే పట్టుకున్నాడు.

వెనక జీపులో నరేంద్రను, మరో ఇద్దర్ని తెచ్చారు. లోపలికి నడిపించుకుపోతూ ఉంటే వాడు ఆమె ముందు ఒక్క క్షణం ఆగాడు. కోపంగా లేడు. దానికి ఆమెకు ఇంకా భయం వేసింది.

"కతలు బాగా చెప్తావక్కా," అన్నాడు.

ఆమె తల వంచుకుంది. వాళ్ల అమ్మ రెండు బిందెల స్నానం ఎందుకో కళ్ల ముందు మెదిలింది.

సోమవారం పోలీసు కాపలాతో రామాంజులు కోర్టుకు పోయాడు. అవతలి లాయరు అతని స్వభావం విని వచ్చినట్టున్నాడు. ముందే, అడిగినదానికే జవాబు చెప్పాలి, కథలు వద్దు అని గద్దించాడు. ఆ అవసరమే రాలేదు. చూశాను అన్నాడు రామాంజులు. నలుగురు అన్నాడు. వేలితో చూపించాడు. లాయరు ఎన్ని మెలికలు వేసినా అతను చూశాను అనే చెప్పాడు. అక్కడున్నవాళ్లు గట్టి సాక్ష్యం అన్నారు. హనుమంతరాయుడి పెళ్లాం బయట అతనికి దణ్ణం పెట్టింది. జ్యోతిలక్ష్మికి మాత్రం అది మొన్న ఫోన్లో విన్న గొంతే. ఆ మిల్లులోంచి మనిషి వచ్చాడు గానీ ఆ గొంతు ఇంకా అక్కడే ఉన్నట్టుంది.

ఇంట్లోనూ అంతే. అన్నం పెట్టు అనేవాడు. చాలు అనేవాడు. గుంతకల్లు నుంచి చీరల కోసం ఫోన్లొస్తే, తర్వాత వస్తానని పెట్టేసేవాడు. ఏమయ్యా, ఆ మిల్లులో ఏం జరిగిందని ఆమె ఒకసారి అడిగింది. కొట్టినారు అన్నాడు.

తీర్పు రావడానికి ఇంకా చాలా వాయిదాలున్నాయి. కాపలా ఎత్తేశారు. ఒక వాయిదాకు పోయి సాయంత్రం బస్సులో ఇంటికొస్తున్నారు. రామాంజులు కిటికీ పక్కన కూర్చున్నాడు. ముందు సీట్లో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, ఏ ఊరప్పా, ఏం పని చేస్తావని అడిగాడు.

"చీరలు," అన్నాడు రామాంజులు.

పెద్దాయన ఇంకేమైనా చెప్తాడేమోనని చూసి, ముందుకు తిరిగాడు. అప్పుడు జ్యోతిలక్ష్మికి కిటికీలోంచి కనిపించింది. బస్సు వెనక ఒక బండి. దాని మీద ఇద్దరు, ముఖాలకు గుడ్డలు. దుమ్ముకు ఎవరైనా కట్టుకుంటారు. బస్సు ఆగిన చోట అది ఆగింది. బస్సు కదిలితే కదిలింది. రామాంజులూ చూశాడు. అతని వేళ్లు ముందు సీటు కమ్మీని బిగించి పట్టుకున్నాయి.

ఆమె అతని వైపు జరిగి కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. పొద్దున బస్టాండులో నిమ్మసోడా అమ్మేవాడి సీసాల గురించి. ఆ సీసాల్లో గోళీ పోతే మళ్లీ ఎక్కడ దొరుకుతుందో గురించి. గోళీలాట ఆడి ముంజేయి విరగ్గొట్టుకున్న మేనమామ గురించి, ఆ కట్టు కట్టినాయన గురించి, ఆయన ఊళ్లో బావి తవ్వితే రాయి పడిన సంగతి గురించి. ఎక్కడికి పోతోందో ఆమెకు తెలియదు. ఒక మాట చివర ఇంకో మాట పట్టుకుని పోతూనే ఉంది. రామాంజులు మొదట బయటికే చూస్తున్నాడు. కాసేపటికి కమ్మీ మీద వేళ్లు కొంచెం వదులయ్యాయి. ముందు సీటు పెద్దాయన కూడా మెడ తిప్పి వింటున్నాడు.

వెనక బండి ఇంకా వస్తూనే ఉంది. ఊరు ఇంకా చాలా దూరం ఉంది. ఆమె ఆపలేదు.